సినిమాహాళ్ల పాత లైసెన్సు ఫైళ్లను చిత్తుకాగితాల కింద అమ్మేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఒక పాత సినిమాహాలు మూతపడినప్పుడో, దాన్ని పడగొట్టి కల్యాణమండపమో షాపింగ్ కాంప్లెక్సో కట్టబోతున్నారని తెలిసినప్పుడో మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ జిల్లా పేజీల్లో ఒక కథనం వేయడం కొన్నేళ్లుగా పరిపాటి అయింది. వాటిని నేను కత్తిరించి దాచుకుంటున్నాను. ఆ కథనాల్లో అభిమానం నిండుగా ఉంటుంది. మొదటి ఆట ఏ సినిమాతో పడింది, ఏది ఎన్నాళ్లు ఆడింది, ఏ నటుడు వచ్చి వెళ్లాడు వంటి ముచ్చట్లకు కొదవ ఉండదు. హాలు ఎప్పుడు కట్టారన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే హాలుకు ఒక పత్రిక ఒక సంవత్సరం చెబితే మరో పత్రిక ఇంకో సంవత్సరం చెబుతుంది. రెండింటికీ ఆధారం ‘స్థానికులు చెప్పిన ప్రకారం’ అన్న ఒక్క ముక్కే. వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి, అందులో కొంతకాలం వినోదపు పన్ను చూసి, ఉద్యోగ విరమణ తర్వాత ఈ హాళ్ల చరిత్ర సేకరణలో పడినవాడిని నేను. ఈ తేదీలను తేల్చగల కాగితాలు ఎక్కడున్నాయో, అవి ఇప్పుడు ఏ స్థితికి వచ్చాయో మీ ద్వారా పాఠకులకూ, ప్రభుత్వానికీ విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేదీ కోసం ఇంత పట్టింపు ఎందుకని కొందరు మిత్రులు నన్ను అడుగుతుంటారు. వారికి నేను మన తొలి టాకీ ఉదంతమే చెబుతాను. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకున్నాం, ఆ తేదీకే ఉత్సవాలూ జరుపుకున్నాం. సినీ పాత్రికేయులు రెంటాల జయదేవ గారు ఆనాటి సెన్సార్ వివరాలను, పత్రికా ప్రకటనలను వెదికి పట్టుకుని, ఆ చిత్రం 1932 జనవరి 22న సెన్సారై, అదే సంవత్సరం ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైందని నిరూపించేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. గమనించవలసిందేమంటే, ఆ పరిశోధనలో చిక్కుముడి విప్పింది ఎవరి జ్ఞాపకమూ కాదు. ఒక హాలు పేరు, ఒక తేదీ అచ్చయిన కాగితం. సినిమా చరిత్రకే అంత పని చేసిపెట్టిన ఆ తరహా కాగితాలను సినిమాహాలు చరిత్రకు మనం ఇంకా వాడుకోవడమే మొదలుపెట్టలేదు.

‘మొట్టమొదటి హాలు మాదే’ అనే పోటీ ప్రతి ఊళ్లోనూ ఉంది. ఇందులో సగం తగాదా కాగితం లేకపోవడం వల్ల వచ్చింది, మిగతా సగం దేనిలో మొదటిదో చెప్పకపోవడం వల్ల వచ్చింది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించారు. ఆ నగరంలో భారతీయుల సొంత సినిమాహాలుగా అది మొదటిది. దానికి ముందు సంవత్సరం మౌంట్ రోడ్డులో వార్విక్ మేజర్ అనే ఆయన నడిపిన ఎలక్ట్రిక్ థియేటర్ ఉంది. ఆ భవనం నేటికీ అన్నా రోడ్డు తపాలా కార్యాలయం ఆవరణలో భాగంగా నిలిచి ఉంది. ఆంధ్ర ప్రాంతంలో మొదటి శాశ్వత సినిమాహాలుగా చెప్పుకునేది విజయవాడలో పోతిన శ్రీనివాసరావు గారు 1921లో కట్టించిన మారుతి. ఈ మూడు సంగతులూ ఒకదానికొకటి అడ్డు రావు. తెలుగువాడి హాలు, తెలుగు గడ్డ మీది హాలు, శాశ్వత భవనం, డేరా, ఇవి వేరువేరు లెక్కలు. ఈ విభజన చూసుకోకుండా ‘దక్షిణాదిలోనే తొలి థియేటర్’ అని శీర్షిక పెట్టేస్తే పక్క జిల్లా విలేకరి అంతకు మించిన శీర్షిక వెతుక్కోవలసి వస్తుంది, పాపం.

హాలు పేరును కూడా కాస్త అనుమానంగా చూడాలి. మనదేశంలో మాటల చిత్రాలు వచ్చింది 1931లో. అంతకు ముందే వెలసిన హాలును ‘ఫలానా టాకీస్’ అని రాశామంటే, ఆ పేరు తర్వాత మారి ఉండాలి, లేదా హాలు తర్వాత వచ్చి ఉండాలి. మద్రాసులో కినిమా సెంట్రల్ కాలక్రమేణా శ్రీ మురుగన్ అయింది, గ్లోబ్ రాక్సీ అయింది. మన ఊళ్లలోనూ చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని ఇలవేల్పు పేరో, కూతురి పేరో గోడకు ఎక్కడం మామూలే. పాత పేరు తెలియకుండా పాత ప్రకటనల్లో వెతికితే హాలు దొరకదు. దొరకలేదు కనుక అప్పటికి లేదనుకునే ప్రమాదం ఉంది.

ఇక కాగితాల సంగతి. మొదటిది మీ వంటి పత్రికల దగ్గరే ఉంది. దినపత్రికల్లో సినిమా ప్రకటనల అడుగున, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, ఊరు పేరు, పక్కన హాలు పేరు వరసగా వేసేవారు. పాఠకుడి చూపు హీరో బొమ్మ మీద పడేది, అడుగునున్న ఆ జాబితా పంపిణీదారుకూ హాలు వాళ్లకూ తప్ప ఎవరికీ పట్టేది కాదు. ఈ రోజు పరిశోధకుడికి మాత్రం బొమ్మ కంటే ఆ జాబితాయే ముఖ్యం. ఒక హాలు పేరు ఫలానా శుక్రవారం ప్రకటనలో కనిపించిందంటే ఆ నాటికి అది నడుస్తున్నదని తిరుగులేని సాక్ష్యం. సంవత్సరాల తరబడి కనిపిస్తూ వచ్చి ఒక్కసారిగా ఆగిపోయిందంటే అక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది, మూతపడిందో, పేరు మారిందో, మరో పంపిణీ సంస్థ చేతికి పోయిందో వెతకడానికి తోవ దొరుకుతుంది. శతదినోత్సవ ప్రకటనలు ఇంకా మేలు, ఎందుకంటే వాటిలో వంద రోజులు నేరుగా ఆడిన కేంద్రాలనూ, హాళ్లు మారి షిఫ్టింగ్ మీద పూర్తిచేసిన కేంద్రాలనూ విడదీసి చెప్పడం ఉండేది. దాన్నిబట్టి ఒక ఊళ్లో మొదటి విడుదల హాలు ఏదో, రెండో పరుగు హాలు ఏదో కూడా పోల్చుకోవచ్చు. కొత్త హాలు తెరిచినప్పుడు యజమాని ఇచ్చుకున్న ప్రారంభోత్సవ ప్రకటన దొరికితే పండగే.

ఈ పత్రికలు ఎక్కడ చూడాలంటే, 1918లో నెలకొన్న వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుల్తాన్ బజారులో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటివి ఇప్పటికీ దిక్కుగా ఉన్నాయి. 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక, 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక వంటి వాటి సంచికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో ఉంచిన మేలు మరువరానిది. కానీ అవి పుటల ఫోటోలు. హాలు పేరు టైపు చేస్తే పుట బయటికి రాదు, ఓపిగ్గా ఒక్కొక్కటే తిప్పుకోవాలి. పైగా గ్రంథాలయాల్లో సంపుటాలు కుట్టేటప్పుడు సినిమా అనుబంధాలను పక్కన పడేసిన చోట్లూ ఉన్నాయి. సంపాదకీయాన్ని భద్రపరిచి ప్రకటనను పారేయడం ఒకప్పటి పెద్దల అభిరుచి.

రెండో కాగితం ప్రభుత్వానిది. నా ఉత్తరంలో అసలు విషయం ఇదే. సినిమా ప్రదర్శించే ప్రతి చోటుకూ లైసెన్సు ఉండాలన్న నియమం 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంతో వచ్చి 1920లో అమల్లోకి వచ్చింది. ఆనాడు జిల్లా మెజిస్ట్రేటు, నగరాల్లో పోలీసు కమిషనరు ఆ లైసెన్సు ఇచ్చేవారు. మన రాష్ట్రంలో తర్వాత 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నాటి నిబంధనలు వచ్చాయి. మేనేజరు గదిలో గాజు పలక వెనుక బిగించి ఉండే ‘బి ఫారం’ ఆ నిబంధనల ప్రకారం ఇచ్చేదే. దాని వెనుక తహసీలు నుంచి కలెక్టరేటు దాకా తిరిగిన ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. నేను చూసిన వాటిలో ఒకదాని సంగతి చెబుతాను. నీలిరంగు ప్లాను కాగితం మడతల దగ్గర చిరిగి, లోపల గుడ్డ అతికించి ఉంది. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ తరగతులుగా గళ్లు గీసి, ఒక్కో గడిలో ఎంతమంది పడతారో ఎర్రసిరాతో వేశారు. ఆడవాళ్ల వైపు నేలకు వేరే ద్వారం, మధ్యలో నడుమెత్తు అడ్డగోడ. ప్రొజెక్టరు గదికి ఇనుప తలుపు, కిటికీలకు జారే రేకు మూతలు; నైట్రేటు ఫిల్ము భగ్గున అంటుకునే రోజుల్లో పెట్టిన జాగ్రత్త అది. బడి ఎంత దూరం, గుడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం అని గజాల్లో కొలిచి మార్జిన్‌లో రాశారు. ప్లాను కింద రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు కట్టడం గట్టిగా ఉందని ఇచ్చిన సర్టిఫికెట్టు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుది ఒకటి, ఆరోగ్యాధికారిది ఒకటి. హాలు వద్దని వీధి వాళ్లు సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీ, దానికి యజమాని ఇచ్చుకున్న సమాధానం కూడా అందులోనే ఉన్నాయి. ఒక ఊరి సినిమాహాలు గురించి ఇంతకంటే నిండైన పత్రం మరెక్కడ దొరుకుతుంది?

స్థాపన సంవత్సరం మీద వచ్చే గందరగోళానికి కూడా ఈ ఫైలే జవాబు చెబుతుంది. చాలా హాళ్లు ఒక్కరోజులో వెలసినవి కావు. మొదట టూరింగ్ టాకీస్ డేరాగా తాత్కాలిక లైసెన్సు మీద నడుస్తుంది. అక్కడ రాబడి బాగుందనిపిస్తే రేకుల షెడ్డుగా మారి అర్ధశాశ్వత లైసెన్సు తీసుకుంటుంది. చివరికి పక్కా భవనం లేస్తుంది. తాతకు డేరా గుర్తుంటుంది, తండ్రికి షెడ్డు, కొడుకుకి భవనం ప్రారంభోత్సవం. ముగ్గురూ నిజమే చెబుతారు, మూడు సంవత్సరాలూ అచ్చవుతాయి. ఏది ఎప్పుడు అన్నది లైసెన్సు రకం చూస్తే తేలిపోతుంది.

మా శాఖ రిజిస్టర్లూ ఇలాంటివే. మద్రాసు రాష్ట్రంలో వినోదపు పన్ను చట్టం 1939లో వచ్చింది కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలకు సంబంధించినంతవరకు దాదాపు ఆనాటి నుంచీ హాలు హాలుకూ పన్ను లెక్క ఉండాలి. తరగతికి ఎన్ని టికెట్లు తెగాయో రోజువారీ కలెక్షన్ రిపోర్టుల నుంచి, వాడుకలో డి.సి.ఆర్.ల నుంచి ఎక్కించేవారు. ఏ ఊరి జనం నేల టికెట్టు కొన్నారు, ఏ పంటకాలంలో బాల్కనీ నిండింది అన్న సాంఘిక చరిత్ర అంతా ఆ అంకెల్లో ఉంది. తర్వాత స్లాబు విధానం వచ్చి, వచ్చిన జనాన్నిబట్టి కాకుండా హాలు నిండితే ఎంత వస్తుందన్న సామర్థ్యం మీద పన్ను కట్టించుకోవడం మొదలయ్యాక, టికెట్ల లెక్క మాకు అంత అవసరం లేకపోయింది. యజమానులకు అది సుఖమే అయినా, చరిత్ర రాయబోయేవాడికి అక్కడి నుంచి చీకటే.

హైదరాబాద్ రాష్ట్రం దారి వేరు. అక్కడ నిజాం ప్రభుత్వపు లైసెన్సులు, పోలీసు కాగితాలు ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి, టికెట్టు ధర నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని గుడ్డిగా కూడి రాసేవారున్నారు. అక్కడ ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కనుక ఆ తర్వాతి మూడు నెలలకు 590, జనవరి నుంచి 591 కలపాలి. నెల చూడకపోతే ఏడాది తేడా పడుతుంది. మద్రాసు వైపు రెవెన్యూ ఫసలీ జూలైలో మొదలవుతుంది, ఆ లెక్క మళ్లీ వేరు. 1922లో ధీరేన్ గంగూలీ హైదరాబాదుకు వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. ‘రజియా బేగం’ ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహించి 1924లో ఆయన్ను రాజ్యం విడిచి పొమ్మన్నారు. ఈ కథ అందరికీ తెలుసు, ఆనాటి హాళ్ల కథే ఎవరికీ పట్టలేదు. జమ్రుద్ మహల్, దిల్షాద్, ప్యాలెస్ టాకీస్, సికింద్రాబాద్ తివోలీ, ప్లాజా వంటి హాళ్ల గురించి వ్యాసాలు వస్తున్నా, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ చదవగలవారిని కూర్చోబెట్టి ఆ కాగితాలు తీయించే పని క్రమపద్ధతిలో జరగవలసి ఉంది. ఉర్దూ చదివే పాత తరం ఉద్యోగులు ఉండగానే ఇది జరగాలి.

ఇప్పుడు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. 2017 జూలైలో వినోదపు పన్ను జీఎస్టీలో కలిసిపోయింది. పన్ను పోయాక దాని రిజిస్టరుకు విలువ ఉండదు. గది ఖాళీ కావాలనుకున్న అధికారికి మొదట కనిపించేవి అవే. దీనికి తోడు తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలను విడదీసినప్పుడు ఫైళ్లు మూటలు కట్టి లారీల్లో కొత్త కార్యాలయాలకు తరలాయి. ఏ మూట ఏ గదికి చేరిందో చెప్పగల రికార్డు అసిస్టెంట్లు ఒక్కొక్కరే ఉద్యోగ విరమణ చేస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం, మన కార్యాలయాల ఫైళ్ల ముగింపు పద్ధతి. శాశ్వతంగా ఉంచవలసినది ‘ఆర్.డిస్.’, పదేళ్లకు తీసేయవచ్చునన్నది ‘డి.డిస్.’ అంటూ ముగించే గుమాస్తా ఫైలు మీద వేసే ఆ రెండక్షరాల మీదే దాని ఆయుష్షు ఆధారపడుతుంది. సినిమాహాలు లైసెన్సు రెన్యువల్ అన్నది అతని దృష్టిలో ఏటా వచ్చే మామూలు తంతు; దాన్ని శాశ్వతపు తరగతిలో వేయాలని అతనికి తోచదు, తోచలేదని నిందించనూ లేం. ఒక కార్యాలయంలో ఇలాంటి ఫైళ్లనే కిలోల లెక్కన తూచి చిత్తుకాగితాల వ్యాపారికి ఇవ్వడం నా కళ్లారా చూశాను. చేసినవారు నిబంధన ప్రకారమే చేశారు. నిబంధనలోనే మార్పు రావాలని నా విన్నపం.

అడుగుతున్నది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. ప్రతి హాలుకూ తొలి లైసెన్సు ఫైలును, ఆమోదించిన ప్లానుతో సహా, శాశ్వతంగా ఉంచే తరగతిలోకి మార్చి, ముప్పై ఏళ్లు దాటినవాటిని జిల్లాల నుంచి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పంపమని రెండు ప్రభుత్వాలూ ఒక్కో ఉత్తర్వు ఇస్తే చాలు. రెన్యువల్ కాగితాలన్నీ దాచమని నేను అడగడం లేదు. మొదటిదీ, హాలు రూపం మారినప్పటిదీ, మూతపడినప్పటిదీ ఉంటే కథ నిలుస్తుంది. కూల్చివేతకు అనుమతి ఇచ్చే పురపాలక అధికారులు, ముందుగా భవనాన్ని లోపలా బయటా ఫోటోలు తీయించి, ప్రారంభోత్సవ శిలాఫలకాన్ని ఊడదీసి స్థానిక గ్రంథాలయానికి అప్పగించాలని షరతు పెట్టవచ్చు. రాయి మీద చెక్కిన తేదీకి మించిన సాక్ష్యం లేదు. అది కాస్తా మొదటిరోజే జేసీబీ కింద పొడైపోతున్నది.

హాళ్ల యజమానుల కుటుంబాలకు కూడా ఒక మాట. డిజిటల్ ప్రదర్శన వచ్చాక పాత ప్రొజెక్టర్లను తూకానికి అమ్ముకున్నారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు, చోటు కావాలి కదా. కానీ బీరువా అడుగున ఉండే పంపిణీదారుల ఒప్పందాలు, కరపత్రాలు, స్లైడ్లు, డి.సి.ఆర్. పుస్తకాలు పెద్ద చోటు ఆక్రమించవు. స్థలం దస్తావేజులు మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. చుట్టుపక్కల ఇళ్ల పాత దస్తావేజుల్లో హద్దుల కింద ‘తూర్పు: సినిమాహాలు ప్రహరీ’ అని రాసిన ఒక్క వాక్యంతో ఆ హాలు ఫలానా సంవత్సరానికి ఉందని రిజిస్ట్రారు కార్యాలయం ముద్రతో సహా రుజువవుతుంది. ఈ మార్గాన్ని ఇంతవరకు ఎవరూ పెద్దగా వాడినట్లు లేదు.

ఇలా అంటున్నానని వయసు మళ్లిన ఆపరేటర్ల, గేట్‌మన్ల, బుకింగ్ క్లర్కుల మాటకు విలువ లేదని నేను అనడం లేదు. కార్బన్ రాడ్లు ఎంత దూరంలో పెడితే వెలుగు నిలకడగా ఉంటుంది, ఒకే ప్రింటుతో రెండు ఊళ్లలో ఆట నడిపించడానికి రీలు పెట్టె సైకిలు మీద ఎలా పరుగెత్తేది, కరెంటు పోతే జనాన్ని ఎలా కూర్చోబెట్టేవారు అన్నవి ఏ ఫైలులోనూ ఉండవు, వారే చెప్పాలి. వారిని అడగవలసినవి అవి. సంవత్సరం అడిగితే ‘అప్పుడు నాకు మీసాలు రాలేదు’ అన్న జవాబే వస్తుంది, దాన్ని విలేకరి ఏదో ఒక అంకెగా మార్చుకుంటాడు.

హాలు ఉన్నా పోయినా దాని పేరు మాత్రం ఊళ్లో నిలిచిపోతుంది. విశాఖలో జగదాంబ జంక్షన్, గుంటూరులో నాజ్ సెంటర్, నెల్లూరులో నర్తకి సెంటర్, రాజమహేంద్రవరంలో శ్యామలా సెంటర్, విజయవాడలో అలంకార్ సెంటర్ అని రోజూ ఆటో ఎక్కి చెప్పేవారిలో ఎందరికి ఆ హాలు చరిత్ర తెలుసు? సికింద్రాబాదులో ప్యారడైజ్ అంటే ఇవాళ ప్రపంచానికంతా బిర్యానీయే, 1953లో అది ప్యారడైజ్ సినిమాహాలు పక్కన పెట్టిన చిన్న కెఫేగా మొదలైందని చెబితే నమ్మనివారున్నారు. ఇలాంటి పేర్లను పట్టుకుని జిల్లాకొక జాబితా తయారు చేయడం మీ జిల్లా విలేకరులకు కష్టం కాదు.

చివరగా మీ పత్రికకు నా అభ్యర్థన. మీ కార్యాలయంలోని పాత సంపుటాల్లో సినిమా ప్రకటనల పుటలను పరిశోధకులకు చూపించే ఏర్పాటు చేయండి. వీలైతే వారానికి ఒకటి చొప్పున, తేదీ స్పష్టంగా కనిపించేలా, అడుగున ఉన్న ఊళ్ల జాబితా కత్తిరించకుండా, జిల్లా పేజీలో పునర్ముద్రించండి. హాళ్ల మీద ఇకముందు కథనం వేసేటప్పుడు సంవత్సరం పక్కన అది ఎక్కడ దొరికిందో, లైసెన్సులోనా, శిలాఫలకం మీదా, ప్రకటనలోనా, ఒకరి నోటి మాటగానా అన్నది ఒక్క ముక్కలో రాయమని మీ విలేకరులకు చెప్పండి. పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ప్రారంభోత్సవ ఆహ్వానపత్రికో, పాత టికెట్టు ముక్కో, హాలు ముందు తీయించుకున్న ఫోటోనో ఉంటే దాని నకలును, వెనుక రాసి ఉన్న తేదీతో సహా, మీ కార్యాలయానికి పంపమని కోరండి. అలా వచ్చినవాటిని ఊరివారీగా, హాలువారీగా వర్గీకరించి పట్టిక తయారుచేసే పనికి ఏ పారితోషికమూ లేకుండా నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
వాణిజ్య పన్నుల శాఖ విశ్రాంత ఉద్యోగి,
విజయవాడ